మెట్లు కట్టిన చేతులు: కిన్నెర, వీణ, మన సంగీత చరిత్ర

తెలుగువాళ్ళ తీగవాద్యాల చరిత్ర అంటే వీణ చరిత్రే అన్నట్టుగా మన పాఠ్యపుస్తకాలూ, సంగీత వ్యాసాలూ రాస్తూ వచ్చాయి. వీణ, దాని పక్కన తంబుర, ఆ తర్వాత బయటినుంచి వచ్చిన వయొలిన్, మాండలిన్. ఈ వరసలో కిన్నెర కనిపించదు. కనిపించినా 'జానపద వాద్యాలు' అనే అధ్యాయంలో, డప్పుకీ జమిడికకీ పక్కన, ఒక చిన్న పేరాలో కనిపిస్తుంది. ఇది రాసేవాళ్ళ మతిమరుపు అని సరిపెట్టుకుందామా? మరుపైతే అప్పుడొకటి అప్పుడొకటి మరచిపోవాలి గదా. ప్రతిసారీ ఒకే కులాల చేతుల్ని మరచిపోతుంటే దాన్ని పద్ధతి అనాలి.

కిన్నెర మెట్లున్న తీగవాద్యం. దాన్ని వాయించేవాడే తన ఇంటి ముందు కూచుని, దొరికిన వెదురుతో, ఎండిన సొరబుర్రలతో, తేనెమైనంతో తయారుచేసుకుంటాడు. అతను డక్కలి కులస్తుడు. మాదిగల మీద ఆధారపడి బతికే, మాదిగలు కూడా దూరం పెట్టిన కులం అతనిది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. మెట్లు కట్టే పనిలో సంగీతశాస్త్రం ఉంది. ఆ శాస్త్రాన్ని వీణ దగ్గర 'శాస్త్రం' అనీ కిన్నెర దగ్గర 'జానపదం' అనీ పిలవటంలో కులం ఉంది. ఈ సంగతి తేలకుండా కిన్నెరకు ఎన్ని సన్మానాలు చేసినా ఆ విద్య నిలబడదు.

మేము మండవల్లి, కైకలూరు, ముదినేపల్లి వైపు దళితవాడల్లో చదువు పనులూ సాంస్కృతిక పనులూ చేస్తున్నవాళ్ళం. మావైపు వాడల్లో కిన్నెర మోగదు. మోగేది డప్పు, చర్చిలో హార్మోనియం, గిటారు, ఇప్పుడు కీబోర్డు. మరి కిన్నెర గొడవ మీకెందుకు అని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, మండవల్లి ఉన్న ఏలూరు జిల్లాలోనే నూజివీడు ఉంది. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడక ముందు ఈ రెండూ కృష్ణాజిల్లాలోవే. నూజివీడు వీణల తయారీకి పేరున్న ఊరు. తీగవాద్యం అనగానే మా పిల్లలకు బళ్ళో చూపించే బొమ్మ అదే. రెండు, కిన్నెరను 'తెలంగాణ కళ' అని ఒక పక్కకు పెట్టేస్తే కోస్తా దళితులకు దానితో పనిలేదన్నట్టు అవుతుంది. డక్కలివాళ్ళు షెడ్యూల్డు కులాల జాబితాలో మనతో పాటు ఉన్నవాళ్ళు. వాళ్ళ విద్య మనదో కాదో తేల్చుకోవాల్సింది మనమే.

ఒకే మెట్టు, రెండు పేర్లు

ముందు వాద్యాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. సరస్వతీ వీణ పనసచెక్కతో చేస్తారు. దానికి 24 మెట్లు, మీద నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు తీగలు. దండి కింద రెండోవైపు ఒక బుర్ర. మెట్లు కంచువో ఇత్తడివో. వాటిని నల్లటి మైనంలో నిలబెడతారు. కిన్నెరకు వెదురుబొంగే దండి. కింద ఎండిన సొరబుర్రలు. పన్నెండు మెట్లున్నదాన్ని పన్నెండు మెట్ల కిన్నెర అంటారు. దాని మెట్లు కూడా మైనంలోనే నిలబడతాయి. వెనకటి రోజుల్లో జంతువుల నరాలు, వెంట్రుకలు తీగలుగా వాడేవారు. ఇప్పుడు లోహపు తీగలు వచ్చాయి. దండి మీద మెట్లు, మెట్ల కింద మైనం, మైనం కింద బొంగో చెక్కో, దాని కింద బుర్ర. రెండు వాద్యాల్లోనూ అమరిక ఇదే. రెండు చోట్లా తెలుగులో పేరు కూడా ఒకటే, మెట్టు.

మెట్టు ఎక్కడ పెట్టాలి అనేదే ఈ విద్యలో అసలు ప్రశ్న. దాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే 'చేతిపని' అని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు.

మోగే తీగ పొడవు 60 సెంటీమీటర్లు అనుకుందాం. ఖాళీ తీగ షడ్జమం. సరిగ్గా సగంలో, అంటే 30 సెంటీమీటర్ల దగ్గర మెట్టు పెడితే పై షడ్జమం పలుకుతుంది. పంచమం కావాలంటే తీగలో మూడింట రెండొంతులు మోగాలి. అంటే తలవైపునుంచి 20 సెంటీమీటర్ల దగ్గర మెట్టు. శుద్ధ మధ్యమానికి నాలుగింట మూడొంతులు మోగాలి. అంటే 15 సెంటీమీటర్ల దగ్గర. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరదగ్గరగా వస్తాయి. ఇంతవరకూ లెక్క. కాని లెక్కతో పెట్టిన మెట్టు సరిగ్గా పలకదు. తీగను మెట్టుమీదికి నొక్కినప్పుడు అది సాగుతుంది, సాగితే శ్రుతి పెరుగుతుంది. మెట్టు ఎంత ఎత్తుగా ఉంటే అంత సాగుతుంది. తీగ లావుని బట్టి, బిగింపుని బట్టి ఈ తేడా మారుతుంది. పైగా ఒక మెట్టు మీద నొక్కినప్పుడు తీగ పక్క మెట్టుకి తగిలితే జిరజిరమంటుంది. కాబట్టి మెట్ల ఎత్తు కూడా ఒక వరసలో దిగుతూ రావాలి. చివరి తీర్పు కొలబద్ద ఇవ్వలేదు, చెవి ఇవ్వాలి.

మైనం ఎందుకు వాడతారో ఇప్పుడు అర్థమవుతుంది. మైనం వెచ్చగా ఉన్నప్పుడు మెట్టుని వెంట్రుకవాసి అటో ఇటో జరపొచ్చు, కొంచెం దించొచ్చు, లేపొచ్చు. చల్లారాక అది కదలకుండా నిలబడుతుంది. ఎండకి కరిగినా, వాడగా వాడగా అరిగినా మళ్ళీ వేడిచేసి సరిచేయొచ్చు. మెట్టు మీటటం, వినటం, జరపటం, మళ్ళీ మీటటం. వీణకు ఈ పని చేసేవాణ్ణి నిపుణుడు అంటారు. కిన్నెరకు ఈ పని చేసుకునేవాణ్ణి ఏమంటున్నాం? 'నిరక్షరాస్యుడైన జానపద కళాకారుడు' అంటున్నాం. స్వరాల మధ్య దూరాలను చెవితో కొలిచి చేత్తో నిలబెట్టగలిగినవాడికి ఏ అక్షరాలు రావని ఆ మాట?

వీణ మీద మాకు పగ లేదు. వీణ చేసే చేతులకు కూడా చరిత్రలో దక్కింది తక్కువే. నూజివీడులో ఆ పని నిలబెట్టినవాళ్ళలో ముస్లిం కుటుంబం ఉంది. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలో సర్వసిద్ధి కులస్తులు తరతరాలుగా పనస దుంగను తొలిచి వీణలు తీస్తున్నారు. సంగీత సభల్లో విద్వాంసుల పేరు చెబుతారు, మృదంగం వాయించినవారి పేరు చెబుతారు. వీణ ఎవరు చేశారని ఏ సభలో చెప్పారు? కాకపోతే వీణ చేసేవాడికి వీణ అనే పెద్దపేరు నీడ ఉంది. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. లేపాక్షి దుకాణాల్లో చిన్న వీణలు బహుమతి వస్తువులుగా అమ్ముడవుతాయి. కిన్నెర చేసేవాడికి ఆ నీడ కూడా లేదు. అతను చేసుకున్న వాద్యం అతని భిక్షాపాత్ర కిందే లెక్కయింది.

ఎముక ఎక్కడ మైల, ఎక్కడ అలంకారం

ఇంట్లో తయారుచేసుకునే వాద్యాల్లో మావైపు మిగిలింది డప్పు. చెక్క వలయం, మేకతోలు, చింతగింజల జిగురు, నిప్పుసెగ. తోలు పచ్చిగా ఉన్నప్పటి వాసన వాడలో పుట్టినవాళ్ళకి తెలుసు. ఆ వాసన వల్లే ఆ విద్యకు విలువ లేకుండా పోయిందని మనకు చెప్పారు, మనమూ నమ్మాం. కిన్నెర సంగతి కూడా అంతే. నరాలు, ఎముకలు, అలుగు పెంకు మెట్లు. చచ్చిన జంతువుతో పనిచేసేవాడు మైల, అతని వాద్యం మైల.

మరి వీణ సంగతి? పాత వీణల మీద ఏనుగుదంతం నగిషీ ఉంటుంది, దుప్పికొమ్ము తాపడాలుంటాయి. దంతం ఎక్కడినుంచి వచ్చింది? కొమ్ము ఎక్కడినుంచి వచ్చింది? అవీ చచ్చిన జంతువులవే గదా. వీణ మీదికి ఎక్కితే అలంకారమై మ్యూజియం అద్దాల వెనక్కి పోయింది. కిన్నెర మీదికి ఎక్కితే మైలై వాడ చివరికి పోయింది. పదార్థంలో తేడా లేదు. ఆ పదార్థాన్ని పట్టుకున్న చేయి ఎవరిదనేదే తేడా.

మృదంగం విషయంలో ఈ ప్రశ్న బహిరంగంగా వచ్చింది. మృదంగానికి తోళ్ళు ఎంచి, కోసి, బిగించి నాదాన్ని తయారుచేసే తంజావూరు దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశారు. ఆవుతోలు గురించి, దాన్ని ముట్టుకునే కులాల గురించి, ముట్టుకోకుండానే దాన్ని వాయించే కులాల గురించి మాట్లాడినందుకు పెద్ద రచ్చ అయింది. పుస్తకావిష్కరణకు ఇచ్చిన హాలును చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. తయారీ గురించి మాట్లాడటం ఎంత రాజకీయమో ఆ ఒక్క ఘటన చాలు. వాయించటం గురించి ఎంతైనా మాట్లాడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. తయారీ దగ్గరికి వచ్చేసరికి కులం బయటపడుతుంది.

పుస్తకాల్లో కిన్నెర

కిన్నెర నిన్నమొన్నటిది కాదు, 'ఆటవిక' వాద్యమూ కాదు. సంగీతశాస్త్ర గ్రంథాల్లోనే దానికి చోటుంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రాసిన 'సంగీతరత్నాకరం' కిన్నరీ వీణను వర్ణిస్తుంది. దానిలో చిన్నదీ పెద్దదీ అని భేదాలు చెబుతుంది. రాబందు ఎముకతో చేసే మెట్లనూ, వాటిని మైనంతో నిలబెట్టే పద్ధతినీ చెబుతుంది. ఎముక మెట్లు, మైనం. డక్కలివాళ్ళ ఇళ్ళముందు ఇటీవలి దాకా జరిగిన పని ఇదే. సంస్కృతంలో రాస్తే శాస్త్రమైంది, వాడలో చేస్తే జానపదమైంది.

ఇంకా వెనక్కి పోతే 'బృహద్దేశి' కర్త మతంగుడు. తీగవాద్యానికి మెట్లు మొదట పెట్టినవాడు అతనేనని సంగీత చరిత్రకారుల్లో కొందరు చెబుతారు. మాతంగ అనే మాటకు సంస్కృతంలో చండాలుడనే అర్థం ఉంది. బౌద్ధ జాతకాల్లో మాతంగుడు చండాల కులస్తుడు. మాదిగల్లో మాతంగి సంప్రదాయం మనకు తెలిసిందే. పేరును పట్టుకుని 'మతంగుడు మావాడే' అని తీర్పు చెప్పటం మా ఉద్దేశం కాదు. అట్లా చెబితే ఆధిపత్య చరిత్రకారులు చేసే పనే మనమూ చేసినట్టవుతుంది. మేమడిగేది వేరు. ఈ పేరు కళ్ళముందు ఉన్నా, ఇన్ని సంగీత చరిత్రల్లో ఆ పేరుని గురించి ఒక్క ప్రశ్నైనా వేయటానికి ఎందుకు ఎవరికీ బుద్ధి పుట్టలేదు? 'దేశి' సంగీతానికి మొదటిసారి పెద్ద గ్రంథం రాసినవాడి పేరులో అంటరానితనం ధ్వనిస్తుంటే అది చర్చకు ఎందుకు రాలేదు?

తెలుగులో పాల్కురికి సోమనాథుడి 'బసవపురాణం'లో కిన్నెర బ్రహ్మయ్య కథ ఉంది. కిన్నెర వాయించి శివుణ్ణి మెప్పించిన భక్తుడు అతను. కులాన్ని ప్రశ్నించిన వీరశైవంలో కిన్నెరకు గౌరవం దొరికింది, వాద్యం పేరే మనిషి ఇంటిపేరైంది. తర్వాతి శతాబ్దాల్లో వాద్యం ఆస్థానాల్లోకి పోయింది. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో 24 మెట్ల వీణ స్థిరపడిందని చెబుతారు. వీణ రాజాశ్రయంలో పెరిగింది, తర్వాత జమీందార్ల దగ్గర, ఆ తర్వాత అగ్రవర్ణ మధ్యతరగతి ఇళ్ళల్లో పెళ్ళికాని ఆడపిల్లకు అర్హతగా పెరిగింది. కిన్నెర ఊరూరూ తిరిగింది. రెండూ ఒకే చెట్టు కొమ్మలన్న సంగతి మనకు ఎవరూ చెప్పలేదు.

ఈ విభజన ఇప్పటికీ సంస్థల్లో గట్టిగా ఉంది. వీణ నేర్చుకోవాలంటే ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. విజయవాడలో ఉంది, సర్టిఫికెట్టు, డిప్లొమా ఇస్తారు. కిన్నెర గురించి తెలుసుకోవాలంటే తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్లులో పెట్టిన జానపద గిరిజన విజ్ఞానపీఠం వైపు చూడాలి. ఒకచోట నేర్పుతారు, ఇంకోచోట పరిశోధిస్తారు. వీణ విద్యార్థిని తయారుచేస్తుంది, కిన్నెర థీసిస్‌ని తయారుచేస్తుంది. డక్కలి మనిషి గురువు కాలేడు, సమాచారదాత అవుతాడు.

బిరుదు వచ్చింది, బతుకు రాలేదు

కిన్నెర పేరు నాలుగుచోట్ల వినపడటానికి దర్శనం మొగిలయ్య గారు కారణం. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న లాంటి పాలమూరు వీరుల కథలు పాడతారు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటి పరిశోధకులు ఈ వాద్యాన్ని వెలుగులోకి తేవటానికి పనిచేశారు. తెలంగాణ ఎనిమిదో తరగతి పాఠంలోకి కిన్నెర వచ్చింది. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాటలో ఆయన గొంతు వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలూ ఇంటి స్థలమూ ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కట్టడం పనిలో కూలికి పోతున్నారని పత్రికలు రాశాయి.

ఆ వార్త రాగానే రెండు రకాల మాటలు వినిపించాయి. ఒకటి జాలి, అయ్యో పద్మశ్రీకి ఇంత కష్టమా అని. రెండోది నింద, ఇచ్చిన కోటి ఏం చేసుకున్నాడు అని. రెండు మాటలూ ఒకేచోట పుట్టినవే. రెండూ ఆయన్ని ప్రభుత్వ దయ పుచ్చుకున్న బీదవాడిగానే చూశాయి. ఆయనకు వాద్యం చేయటం వచ్చు గదా, మెట్లు కట్టటం వచ్చు గదా, ఏదో ఒక సంగీత కళాశాలలో నెలజీతం మీద అధ్యాపకుడిగా ఎందుకు లేరు అని అడిగినవాళ్ళు ఎంతమంది? వీణ విద్వాంసుడికి రిటైరయ్యేదాకా ఉద్యోగం, తర్వాత పింఛను. కిన్నెర విద్వాంసుడికి శాలువా, చెక్కు, ఫోటో. ఒకసారి ఇచ్చే డబ్బు ఎంత పెద్దదైనా ఇనాం కిందికే వస్తుంది. జీతం హక్కు కిందికి వస్తుంది. ఇనాం ఇచ్చే చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది.

పత్రికలకు ఇంకో అలవాటుంది. 'చివరి కిన్నెర కళాకారుడు', 'అంతరించిపోతున్న కళ' అని శీర్షిక పెట్టటం. చివరివాడు అనగానే ఆ వార్తకు కన్నీళ్ళొస్తాయి. కాని ఆ మాట మిగతావాళ్ళను ఒక్క దెబ్బకు లేకుండా చేస్తుంది. ఇంకెవరూ లేరు కాబట్టి ఇంకెవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఒకరికి బిరుదు ఇస్తే కులం మొత్తానికి బాకీ తీరిపోయినట్టే. పైగా కళ తనంతట తనే అంతరిస్తున్నట్టు, ఎండాకాలం చెరువు ఎండినట్టు మాట్లాడతారు. అడిగేవాళ్ళకు ఇచ్చేవాళ్ళు లేకపోయాక, కొడుక్కి నేర్పితే కొడుకు కూడా అడుక్కోవాల్సిందే అని తెలిశాక, ఏ తండ్రి నేర్పుతాడు? నేర్పకపోవటం అతని తెలివి. దాన్ని కళాద్రోహం అనే హక్కు ఎవరికీ లేదు.

మనలోని దూరం

ఇంతవరకూ అగ్రవర్ణాల గురించి మాట్లాడాం. ఇక్కడితో ఆపితే సుఖంగా ఉంటుంది గాని నిజాయితీగా ఉండదు. డక్కలివాళ్ళు మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెబుతారు, మాదిగల దగ్గరే అడుక్కుంటారు. మాదిగలు వాళ్ళను వాడలోపలికి, ఇంట్లోకి రానివ్వలేదు. పురాణం చెప్పే నోరు కావాలి, మనిషి వద్దు. ఊరు వాడను ఎట్లా చూసిందో వాడ డక్కలి గుడిసెను అట్లా చూసింది. అంబేద్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడ కనపడుతుంది?

దళిత ఉద్యమం డప్పును నిలబెట్టుకుంది. 1985 జులైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు తర్వాత కోస్తాలో జరిగిన ప్రతి సభలో డప్పు మోగింది. 1994లో మొదలైన దండోరా పేరే డప్పు చప్పుడు. వెట్టికి కొట్టిన డప్పు ధిక్కారానికి గుర్తయింది. ఇది చిన్న విజయం కాదు. అదే కాలంలో దళిత కవిత్వ సంకలనాలకు 'చిక్కనవుతున్న పాట', 'పదునెక్కిన పాట' అని పేర్లు పెట్టుకున్నాం. పాట గురించి అంత మాట్లాడిన మనం పాట వెనకున్న తీగ గురించి మాట్లాడలేదు. కిన్నెర మన వేదికల మీదికి రాలేదు.

ఎందుకు రాలేదు? కిన్నెర గొంతు చిన్నది, ఊరేగింపులో వినపడదు అనేది ఒక జవాబు. అందులో కొంత నిజముంది. కాని అసలు కారణం సంఖ్య. డప్పు వెనక మాలమాదిగల జనం ఉన్నారు, ఓట్లున్నాయి. కిన్నెర వెనక ఊరికి ఒక ఇల్లు కూడా లేని కులం ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు అనుమతి ఇచ్చినప్పటినుంచి మాల, మాదిగ వాటాల మీద ఎన్నో లెక్కలు చెప్పుకున్నాం. ఆ లెక్కల్లో డక్కలి, బైండ్ల, సింధోళ్ళ పేర్లు జాబితా చదివేటప్పుడు మాత్రమే వినిపిస్తున్నాయి. పంపకంలో న్యాయం అడిగేవాళ్ళు అందరికన్నా కిందున్నవాడి వాటాతో మొదలుపెట్టాలి. విద్య విషయంలోనూ అంతే.

కళ బతికి మనుషులు పోతే

అమెరికాలో బాంజో కథ మనకు పనికొస్తుంది. ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు తోటల్లో, గుడిసెల ముందు, ఎండిన బుర్రకు తోలు కప్పి, కర్రమెడ బిగించి ఆ వాద్యం చేసుకున్నారు. వాళ్ళ నేలమీద చేసుకున్న బుర్రవాద్యాల జ్ఞాపకం అది. 19వ శతాబ్దంలో తెల్లవాళ్ళు ముఖాలకు మసి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరించే ప్రదర్శనల్లో బాంజో వాయించారు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి, బుర్ర పోయి చెక్క వలయం వచ్చింది, మెడ మీద మెట్లు వచ్చాయి. చివరికి బాంజో అంటే తెల్లవాళ్ళ కొండప్రాంతపు సంగీతం అన్నంతగా స్థిరపడింది. రియానన్ గిడెన్స్ లాంటి నల్లజాతి కళాకారులు ఈ శతాబ్దంలో అది తమ పూర్వీకుల చేతిపని అని గుర్తుచేయాల్సి వచ్చింది. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ నల్లవాళ్ళ ఉద్యమంనుంచి పేరు తెచ్చుకున్నారు. ఈ పాఠం కూడా తెచ్చుకోవాలి.

పాఠం ఏమిటంటే, కళ అంతరించటం ఒక్కటే ప్రమాదం కాదు. కళ బతికి, చేసినవాళ్ళు మాయమవటం ఇంకో ప్రమాదం. రేపు కిన్నెరను ఏ కంపెనీయో ఫైబరు బుర్రతో చేసి అమ్మొచ్చు. సినిమా స్టూడియోలో దాని శబ్దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, కీబోర్డు మీద మోగించొచ్చు. అప్పుడు కిన్నెర వర్ధిల్లుతుంది. డక్కలివాడు కూలికి పోతాడు. 'కళను కాపాడండి' అనే నినాదం ఈ రెండో ప్రమాదాన్ని చూడదు.

మండవల్లిలో మొదలుపెట్టగల పని

కొల్లేటి చుట్టూ ఊళ్ళల్లో చేతిపనికి కొదవలేదు. లంకల్లో వెదురుపుల్లతో చేపలకు మావులు అల్లారు. గుడిసెల మీద ఆనపపాదు పాకేది. మావైపు ఆనపకాయ, సొరకాయ రెండు మాటలూ వాడతారు. చేపలచెరువులొచ్చి గట్లు మారాయి, డాబాలొచ్చి పాదులు పోయాయి. అయినా పిల్లలు రేకుడబ్బాకి కర్ర బిగించి, నైలాన్ తాడు లాగి 'గిటారు' చేసుకుంటూనే ఉన్నారు. ఆ కర్ర మీద మెట్టు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. అక్కడ గురువు కావాలి. ఆ గురువు డక్కలి మనిషి ఎందుకు కాకూడదు?

సాంఘిక సంక్షేమ గురుకులాల్లో కిన్నెర తయారీని పాఠంగా పెట్టమని మనం అడగాలి. నేర్పటానికి డక్కలి కళాకారులను జీతం మీద పెట్టాలి. డిగ్రీ నిబంధన అడ్డం వస్తే ఆ నిబంధననే ప్రశ్నించాలి. సంగీత కళాశాలల్లో కిన్నెరను వీణ పక్కన పెట్టమనాలి, జానపద వారోత్సవంలో ఒకరోజు పిలిచి శాలువా కప్పటం చాలదనాలి. దొరికిన ప్రతి పాత కిన్నెరకు తీగ పొడవు, మెట్ల దూరాలు, మెట్ల ఎత్తు కొలిచి, దాని శ్రుతిని రికార్డు చేసి, చేసినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరుతో దాచాలి. విద్యార్థులు చేయగలిగిన పరిశోధన ఇది, పెద్ద ఖర్చు లేదు. అలుగు పెంకు 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కాబట్టి ఇత్తడి, గట్టి చెక్క, వెదురు బెరడు లాంటివాటితో మెట్లు చేసి చూడాలి. ఏది ఎట్లా పలుకుతుందో తేల్చాల్సింది ఆ చెవి ఉన్నవాళ్ళే.

ఇంకో మాట. కిన్నెర డక్కలివాళ్ళే వాయించాలి, వాళ్ళ పిల్లలే నేర్చుకోవాలి అంటే కులవృత్తిని వాళ్ళ మెడకు మళ్ళీ కట్టినట్టే. డక్కలి పిల్ల డాక్టరు కావాలనుకుంటే కావాలి. కిన్నెర ఎవరైనా నేర్చుకోవచ్చు. కాని నేర్పే పీట, ఆ పీటకు వచ్చే జీతం, 'ఇది మా విద్య' అని చెప్పే అధికారం మొదట వాళ్ళకు దక్కాలి. మాదిగ పిల్లాడూ, మాల పిల్లా డక్కలి గురువు ముందు కూచుని, అయ్యా, ఈ మెట్టు ఎక్కడ పెట్టాలి అని అడిగిన రోజున మన వాడల్లో ఒక పాత దూరం తగ్గుతుంది. బ్రాహ్మణీయ సంగీత చరిత్రను విమర్శించటం మనకు అలవాటే. ఆ పీట వేయటం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. మండవల్లిలోనైనా, ఇంకెక్కడైనా, ముందు ఆ పని జరగాలి.